కొలతకు రాని కూరాకు

తిరుమల శాసనాల్లో దేవుడి నైవేద్యానికి బియ్యం, నెయ్యి, పెసలు, మిరియాలు, కూరగాయలు ఎంతెంత కావాలో కొలతలతో సహా ఉంటుంది. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందాలన్న నియమమూ ఉంటుంది. దేవుడి తిండికి ఇంత లెక్క ఉన్న చోట, కొండ కింది పల్లెల్లో ఆడవాళ్ళు ఏ కూర తిన్నారు, పిల్లలకు ఏ పండు దొరికింది అన్నదానికి లెక్క ఎక్కడుంది? ఆ ప్రశ్నతో తిరుపతి, చిత్తూరు ప్రాంతపు తిండి చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. నాకు దొరికిన కొలతలన్నిటికీ ప్రమాణం మగవాడే.

1876–78 నాటి ధాత కరువు కాలంలో తిరుపతి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, ఒక అణా. ఆడవాళ్ళకూ పనిచేసే పిల్లలకూ అంతకన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. గింజలు 680 గ్రాములైనా ఉండాలనీ, వాటితోపాటు కూరగాయలూ మాంసకృత్తులూ కావాలనీ వాదించాడు. ఆ మార్చిలో గింజలు 570 గ్రాములకు పెరిగాయి, 43 గ్రాముల పప్పు చేరింది. పెరిగిన తూకంలో కూరాకు లేదు. వాదన ఎటు తేలినా మగకూలీది నిండు కూలి, మిగిలినవాళ్ళది అందులో తరుగు.

ఆ తరుగే తర్వాత శాస్త్రం భాషలోకి వచ్చింది. 1930లలో ఆక్రాయిడ్ ఆధ్వర్యంలో కూనూరు పోషకాహార ప్రయోగశాల దక్షిణాదిలో తిండి సర్వేలు చేసింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది అదే. ఇలాంటి సర్వేల్లో ఇంటి తిండిని పంచి చూసే కొలమానం ‘వినియోగ యూనిట్’. పెద్ద మగవాడు 1, పెద్ద స్త్రీ 0.8, పిల్లలు ఇంకా తక్కువ. శక్తి అవసరాన్ని, అంటే కేలరీలను లెక్కపెట్టడానికి ఇది సరిపోవచ్చు. ఆకుకూరకు సరిపోదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన ప్రకారం రోజుకు ఇనుము మగవాళ్ళకు 19 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఇనుముతో కొలిస్తే స్త్రీయే 1, మగవాడు సుమారు 0.66. ఏది తూకం రాయి అన్నదాన్ని బట్టి ఎవరు తక్కువో తేలుతుంది.

కాగితాల్లో లేనిది మనుషుల నోట వింటామని చంద్రగిరి చుట్టుపక్కల ముసలమ్మలను అడిగాను. ‘ఏం తినేవాళ్ళు?’ అంటే ఏం వండేవాళ్ళో చెబుతారు. సంగటి, ఊరిబిండి, పుల్లగూర, అనపగింజల కాలంలో పితికిపప్పు. ‘మీరు ఏం తినేవాళ్ళు?’ అని మళ్ళీ అడిగితే ఒకామె నవ్వి, ‘సట్టిలో మిగిలితే కూరాకు పాపా, మిగలకపోతే ఊరిబిండి’ అంది. చివరగా తినేవాళ్ళకు కూర మిగలదు, కారం మిగులుతుంది. సీమంతంలో పండ్లు ఒడిలో పెడతారు, కాన్పయ్యాక పండు చలవ చేస్తుందని పథ్యం పెడతారు. రేగ్గాయలు, కలేక్కాయలు కొండల్లో తిరిగే మగపిల్లల జేబుల్లోకి పోయేవి. ఆడపిల్లకు చంకలో తమ్ముడో చెల్లెలో ఉండేది.

అయినా ఆడవాళ్ళకు తమదంటూ ఒక వనరు ఉండేది. రాగి, శెనగ చేలల్లో కలుపు తీస్తూ గురుగాకు, తుమ్మాకు, దొగ్గలాకు ఒడిలోకి గిల్లుకొచ్చేవాళ్ళు. దానికి డబ్బు అక్కర్లేదు, మొగుణ్ణి అడగక్కర్లేదు. విత్తింది కాదు, కొన్నది కాదు కాబట్టి పంటల లెక్కలోకీ సంత లెక్కలోకీ రాలేదు. ఎన్నో మెట్టచేలు తోతాపురి మామిడి తోటలయ్యాయి. కలుపుమందు వచ్చాక కలుపుతోపాటు ఆ కూరాకూ పోయింది. 2022 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న మదనపల్లె దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. ధర పడితే టమాటాలు రోడ్డు పక్కన పారబోస్తారు, 2023 జూలైలోలా కిలో వంద దాటితే కోసిన కూలీ ఇంట్లోనే చారుకు టమాటా ఉండదు. పండించే నేల పెరిగింది, అడగకుండా తినగలిగే చోటు తగ్గింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1998–99లో ఆడవాళ్ళను పండ్లు, ఆకుకూరలు ఎంత తరచుగా తింటారని అడిగింది. 2005–06లో మగవాళ్ళనూ అడిగింది. ఎంత తరచుగా అన్నది తెలిసింది గాని ఎంత అన్నది తెలియలేదు. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిమంది ఆడవాళ్ళలో సుమారు ఆరుగురికి రక్తహీనత ఉంది. చిన్నపిల్లల్లోనూ దాదాపు అంతే. మగవాళ్ళలో పదికి ఇద్దరు కూడా లేరు. దీనికి కూరాకు ఒక్కటే కారణం కాదు. కానీ ఇంటిని ఒకే నోరుగా లెక్కపెట్టినంతకాలం ఈ తేడా ఎక్కణ్ణించి వస్తుందో కనబడదు.

2024లో జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలంది. మంచి మాటే. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి అది రోజుకు రెండు కిలోలు. ఆ రెండు కిలోలు ఎవరి కూలితో కొంటారు, ఎవరు తరుగుతారు, వడ్డన అయ్యాక సట్టిలో ఎంత ఉంటుంది? తిండి చరిత్ర రాసే మనం ఆ సట్టి అడుగు నుంచి రాయడం మొదలుపెట్టాలి.