తోటి పాట, తోటి పని: ఉత్తర తెలంగాణలో సఫాయి, కులం, వెట్టి

ఉమ్మడి ఆదిలాబాద్ గోండు గూడెంలో తోటి అంటే పాటగాడు. కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ గోండుల పురాణం చెబుతాడు. తోటి ఆడవాళ్లు పచ్చబొట్లు పొడుస్తారు. అడవి దిగితే ఆ మాట బతుకే వేరు. మైదానపు తెలుగులో తోటి ఊరి వెట్టివాడు, కోలారు బంగారు గనుల తెలుగువాళ్లలో దొడ్లెత్తే మనిషి. రెండు మాటల మూలం ఒకటేనా అన్నది భాషాశాస్త్రవేత్తలు తేల్చాలి. నన్ను పట్టుకున్నది ఆ మాట మోసే మనుషుల స్థానాల్లోని తేడా.

కులానికీ పారిశుద్ధ్యానికీ ఉన్న ముడి మీద మన సిద్ధాంత వ్యాసాలు చాలావరకు ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త లూయీ డ్యుమాంట్ దగ్గర మొదలై అక్కడే ఆగుతాయి. కులానికి పునాది శుచి, మైలల వైరుధ్యమనీ, అధికారం దాని కింద ఒదిగి ఉంటుందనీ 1966లో ఆయన వాదించాడు. ఆ లెక్కన అంటు పాటించే ప్రతిచోటా మైలనెత్తే కులం ఉండితీరాలి. గూడెం ఈ లెక్కకు లొంగదు. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాతలు చూడండి. తోటీల్లాగే గోండులకు పాటగాళ్లైన పర్ధాన్లూ, తోటీలూ గోండుల కన్నా తక్కువవాళ్లు, వాళ్లు వండింది గోండులు తినరు. ఎక్కువతక్కువలున్నాయి, అంటూ ఉంది. అయినా గోండు వాకిలి ఊడవడం తోటి వంతు కాదు, ఎవరి ఇల్లు వాళ్లే అలుక్కుంటారు. తక్కువగా చూసిన మనిషి చేతిలో అక్కడ చీపురు లేదు, కిక్రి ఉంది. డ్యుమాంట్‌ను ఇంత శ్రద్ధగా చదివినవాళ్లు గోండుల ఉట్నూరు దాకా ఎందుకు రాలేదన్నదే నా ఫిర్యాదు.

మరి గూడెంలో లేనిదీ కరీంనగర్ మైదానంలో ఉన్నదీ ఏమిటి? గడి, అంటే దొర కోటలాంటి ఇల్లు. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో వెట్టిని కులాలవారీగా వివరించారు. దళిత కుటుంబాలు ఇంటికొకరి చొప్పున పటేలు, పట్వారీ, దేశ్‌ముఖుల పనికి పోవాలి, చావడి కాయాలి, ఠాణాకు కబురు మోయాలి. చచ్చిన పశువు, తోలు, చెప్పులు, మోటబొక్కెన మాదిగల మెడకు పడ్డాయి. కబురు మోయడంలో మైలేముంది? చావడి కాపలాలో ఏముంది? మైలపనీ మామూలు పనీ ఒకే వాడ నెత్తిన పడ్డాయంటే, వాటిని కలిపింది కూలి ఇవ్వనక్కర్లేకపోవడమే. భూమి లేనివాడు కాదనలేడు. కాదనలేనివాడి పనికి ఆ తర్వాత మైల అని పేరుపడింది.

1978 సెప్టెంబర్ 7 జగిత్యాల జైత్రయాత్ర నాటి రైతుకూలీ ఉద్యమం దీనికి రుజువు. దొరలను బహిష్కరించిన ఊళ్లలో చాకలి, మంగలి, జీతగాడు గడి గడప తొక్కలేదు. శుచి గురించి ఎవరి నమ్మకమూ రాత్రికి రాత్రే మారి ఉండదు. మారింది బలం, దాంతో పని ఆగింది.

ఇక పంచాయతీ సఫాయి సంగతి. 2019లో మొదలైన పల్లెప్రగతి పథకం కింద పంచాయతీలకు ట్రాక్టర్లొచ్చాయి. అప్పుడు సఫాయి కార్మికుడి జీతం నెలకు 8,500 రూపాయలు. జీవో 51 కింద కార్మికుడు మల్టీపర్పస్ అయ్యాడు: మోరీ తీయాలి, వీధి బుగ్గలు మార్చాలి, నీళ్లు వదలాలి, ట్రాక్టర్ నడపాలి. 2023 జూలైలో సమ్మెకు దిగినవాళ్లు మల్టీపర్పస్ విధానం రద్దు చేయమన్నారు. ఏ పని చెబితే ఆ పని చేసే మనిషి అన్న ఊహ వెట్టిదే. ఆ జీవో కాగితంలో కులం కనబడదు. కానీ మంథని, ధర్మపురి వైపు నేను తిరిగిన ఊళ్లలో స్టీరింగ్ ఒకరి చేతిలో, పార మాదిగవాడ మనిషి చేతిలో ఉన్నాయి. కొన్నిచోట్ల ముదిరాజ్, చాకలి కుటుంబాలవాళ్లూ సఫాయికి వస్తున్నారు, అది నిరుద్యోగం తెచ్చిన మార్పు. అయినా నేను తిరిగిన ఊళ్లలో చాలావరకు వెట్టి పట్టికే పంచాయతీ సిబ్బంది పట్టికగా మారిందని నా అభిప్రాయం.

ధర్మపురి వైపు మోరీ తీస్తున్న ఒకాయనను ఈ పని ఎట్లా వచ్చిందని అడిగాను. వాళ్ల నాయిన ఊరికి సుంకరి, అంటే ఊరి సేవకుడు. ఈయన దరఖాస్తు పెట్టుకోలేదు, పంచాయతీ గుమస్తా కారోబారే ఇంటికొచ్చి పిలుచుకుపోయాడు. ట్రాక్టర్ నడిపే పిల్లవాడు మాత్రం దరఖాస్తు పెట్టుకున్నాడు.