హద్దు సడలిస్తే లాభం ఎవరికి? కాలిఫోర్నియా అనుభవం

శాసనసభ్యుల పదవీకాల పరిమితిని సడలిద్దాం అని ఎవరన్నా నేను అడిగే ప్రశ్న ఒకటే: ముందు లాభపడేది ఎవరండీ?

కాలిఫోర్నియా సంగతే చూడండి. 1990లో అక్కడి ఓటర్లు ప్రతిపాదన 140ని నెగ్గించారు. అసెంబ్లీలో 6 ఏళ్లు, సెనేట్‌లో 8 ఏళ్లు. జీవితం మొత్తానికి అంతే. అప్పటికి విల్లీ బ్రౌన్ దాదాపు పదేళ్లుగా స్పీకర్.

2008 ఫిబ్రవరిలో ప్రతిపాదన 93 వచ్చింది. 14 ఏళ్లను 12కి తగ్గిస్తామన్నారు. వినడానికి బాగానే ఉంది కదా! కానీ ఆ 12 ఏళ్లూ ఒకే సభలో ఉండొచ్చు. పైగా అప్పటికే పదవిలో ఉన్నవాళ్లకు, వేరే సభలో చేసిన కాలం లెక్కలోకి రాదు. గడువు ముగుస్తున్న స్పీకర్ నూన్యెజ్, సెనేట్ నేత పెరాటా కూడా ఆ లబ్ధిదారుల్లో ఉన్నారు. జనం తిరస్కరించారు.

అనుభవం లేకపోతే లాబీయిస్టులదే రాజ్యం అంటారు. ఆ వాదనలో బలం ఉంది. అందుకే 2012లో అదే 12 ఏళ్ల లెక్క ప్రతిపాదన 28గా వస్తే జనం ఒప్పుకున్నారు. తేడా ఏంటంటే, అది కొత్తగా ఎన్నికయ్యేవాళ్లకే వర్తించింది.

నా మాట ఇదే: కుర్చీలో ఉన్నవాళ్ల గడువు పెంచే సడలింపుకి, అది ఏ పేరుతో వచ్చినా, ఒప్పుకోకూడదు.