ఒక స్టూడెంట్ కేసు, అమెరికా రాజ్యాంగం మొత్తం

ఈ ఎపిసోడ్‌లో అమెరికా ప్రభుత్వం ఎలా నడుస్తుందో మాట్లాడుకుందాం. ఏడు ఆర్టికల్స్, 27 సవరణలు అని లిస్టు చదివితే రేపటికి ఒక్కటీ గుర్తుండదు. అందుకే ఒకే ఒక్క కేసు చెప్తాను. అది అర్థమైతే మిగతాది దానంతటదే అర్థమవుతుంది.

జగదీష్ రాయ్ చద్దా. పుట్టింది కెన్యాలో, భారతీయ తల్లిదండ్రులకి. చేతిలో ఉన్నది బ్రిటిష్ పాస్‌పోర్ట్. 1966లో స్టూడెంట్ వీసా మీద అమెరికా వెళ్లాడు. 1972 జూన్ 30తో వీసా గడువు అయిపోయింది. అయినా అక్కడే ఉన్నాడు. 1973లో ఇమ్మిగ్రేషన్ శాఖ నోటీసు ఇచ్చింది, నిన్ను ఎందుకు పంపించకూడదో చెప్పు అని.

ఇక్కడ ఒక మాట. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. వీసా, పౌరసత్వం మాత్రం ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటాయి. మీరు టెక్సస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా ఇమ్మిగ్రేషన్ చట్టం ఒకటే.

చద్దా తప్పించుకోవాలని చూడలేదు. గడువు దాటిన మాట నిజమే అని ఒప్పుకున్నాడు. కానీ అప్పటి చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. ఏడేళ్లు వరసగా అమెరికాలో ఉండి, మంచి నడవడిక ఉండి, పంపిస్తే తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపించగలిగితే, పంపించకుండా ఆపగలిగేవారు. 1974లో ఇమ్మిగ్రేషన్ జడ్జి సరే అన్నారు. పేరుకి జడ్జి కానీ, ఆయన పనిచేసేది ప్రెసిడెంట్ కింద ఉండే న్యాయశాఖలో.

కథ అక్కడితో అయిపోవాలి కదా? అవ్వలేదు. అదే చట్టంలో ఇంకో షరతు ఉండేది. ఇలా ఆపిన ప్రతి కేసునీ కాంగ్రెస్‌కి పంపాల్సి ఉండేది. కాంగ్రెస్ అంటే మన పార్టీ కాదండోయ్, వాళ్ల పార్లమెంటు. అందులో ప్రతినిధుల సభ, సెనేట్ అని రెండు సభలు. ఆ రెండిట్లో ఏ ఒక్క సభ వద్దన్నా ఆ మనిషి వెళ్లిపోవాల్సి వచ్చేది. దీన్నే లెజిస్లేటివ్ వీటో అంటారు.

1975 డిసెంబర్ 16. ప్రతినిధుల సభ ముందు ఒక తీర్మానం పెట్టారు. 340 కేసులు పరిశీలించి, అందులో ఆరుగురికి వెసులుబాటు రద్దు చేయాలన్నారు. చద్దా ఆ ఆరుగురిలో ఒకడు. చర్చ లేదు. ఎవరు ఎటు ఓటేశారో రికార్డు లేదు. తీర్మానం అచ్చు వేసి సభ్యులకి పంచనూ లేదు. ఒక మనిషి తొమ్మిదేళ్ల బతుకు అంత తేలిగ్గా తేలిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక సభ ఒంటరిగా అలా చేయొచ్చా?

మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉన్న పక్షం నాయకుడే ప్రధాని అవుతాడు. ప్రభుత్వమూ సభా కలిసే నడుస్తాయి. అమెరికాలో అలా కాదు. ప్రెసిడెంట్ కాంగ్రెస్‌లో సభ్యుడు కాడు. ఆయన మంత్రులు కూడా ఆ పదవిలో ఉండగా కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్లు కావాలనే అలా విడగొట్టారు. చట్టం కావాలంటే రెండు సభలూ ఒప్పుకోవాలి, తర్వాత ప్రెసిడెంట్ ముందుకి వెళ్లాలి. ఆయన వీటో చేస్తే, రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లతో దాన్ని దాటాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, కోడ్ రాసినవాడే అప్రూవ్ చేసుకుని ప్రొడక్షన్‌లోకి తోసేయకూడదు.

కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. తమాషా ఏంటంటే, చద్దాని పంపించాల్సిన ఇమ్మిగ్రేషన్ శాఖ కూడా ఆ షరతు రాజ్యాంగ విరుద్ధమే అని అతనితో ఏకీభవించింది! దాంతో షరతుని సమర్థించడానికి రెండు సభలూ తమ లాయర్లని పంపాయి. 1983 జూన్ 23న తీర్పు వచ్చింది. 7-2 తేడాతో చద్దా గెలిచాడు. చీఫ్ జస్టిస్ బర్గర్ రాసిన తీర్పు సారాంశం ఇది: ఒక మనిషి చట్టపరమైన హక్కుని మారుస్తున్నారంటే అది చట్టం చేసే పనే. ఆ పనికి రాజ్యాంగం ఒకటే దారి పెట్టింది, రెండు సభలు, ఆపై ప్రెసిడెంట్. అడ్డదారి కుదరదు. జస్టిస్ పావెల్ వేరే కారణంతో అదే చోటికి వచ్చారు. ఫలానా మనిషికి అర్హత ఉందా లేదా అని తేల్చడం కోర్టు చేసే పని, సభ చేసే పని కాదు అన్నారు.

బావుంది కదా? కానీ ఈ తీర్పుకి ఇంకో వైపు ఉంది. జస్టిస్ వైట్ గట్టిగా వ్యతిరేకించారు. ఇలాంటి షరతులు అప్పట్లో దాదాపు 200 చట్టాల్లో ఉండేవి. ప్రభుత్వానికి అధికారం ఇచ్చి, కళ్లెం తన చేతిలో ఉంచుకోవడానికి కాంగ్రెస్‌కి ఉన్న సాధనం అదే అని ఆయన వాదన.

ఆ భయం ఉత్తది కాదు. 1976 నాటి నేషనల్ ఎమర్జెన్సీస్ యాక్ట్ చూడండి. ప్రెసిడెంట్ పెట్టిన ఎమర్జెన్సీని, ఆయన సంతకంతో పనిలేకుండా రెండు సభలూ కలిసి ఎత్తేయొచ్చని మొదట రాసుకున్నారు. చద్దా తీర్పు తర్వాత అది చెల్లదు కాబట్టి 1985లో మార్చారు. ఇప్పుడు ఎత్తేసే తీర్మానం కూడా ప్రెసిడెంట్ దగ్గరికే వెళ్లాలి. 2019లో సరిహద్దు గోడ కోసం ట్రంప్ ఎమర్జెన్సీ ప్రకటించారు. రెండు సభలూ వద్దన్నాయి. ఆయన వీటో చేశారు. ప్రతినిధుల సభలో ఆ వీటోని దాటడానికి 248-181 ఓట్లు పడ్డాయి. మెజారిటీ ఉంది, మూడింట రెండొంతులు లేదు. ఎమర్జెన్సీ అలాగే ఉండిపోయింది.

ఒంటరిగా ఉన్న ఒక స్టూడెంట్‌ని సభ నుంచి కాపాడిన రూలే, 36 ఏళ్ల తర్వాత ప్రెసిడెంట్‌కి సభల ముందు అండగా నిలబడింది. ఈ రూల్ మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, మంచిదే అంటాను. ఎందుకంటే సభకి బలం తగ్గితే, ఆ సభ ఇంకో చట్టం చేసుకోగలదు, ఎన్నికల్లో జనం దగ్గరికి వెళ్లగలదు. చర్చ లేకుండా ఒక తీర్మానంలో పేరు చేరిపోయిన మనిషికి అలాంటి రెండో దారి లేదు. పైగా అతనికి అక్కడ ఓటు కూడా లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో సెనేట్ గురించి, చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ చెరో రెండు సీట్లే ఎందుకో చూద్దాం. ఉంటానండి.