ఉద్దానం కిడ్నీలు: ఒక యాంటీబాడీ చరిత్ర

మాది సోంపేట దగ్గర ఒక ఊరు. మా పెదనాన్న రెండేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది. "రత్తం అట్టుకెల్లారు, ఒంటేలు అట్టుకెల్లారు. మరి ఏటొచ్చిందో సెప్పనేదురా బాబూ. నువ్వు సదువుకున్నోడివి కదా, ఆల్లు దాన్నేటి సేత్తారు?"

శాంపిల్ ఎవరు తీశారో ఆవిడకి గుర్తు లేదు. నేను బీటెక్ చదివాను గానీ సమాధానం చెప్పలేకపోయాను. తర్వాత కొన్ని రోజులు కూర్చుని చదివాను. ఈ ఎపిసోడ్ ఆవిడ కోసమే.

ముందు మా ఏరియా గురించి తెలియనివాళ్లకి. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇదంతా ఉద్దానం. కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఉద్యానవనం అనే మాట నుంచే ఆ పేరొచ్చిందంటారు. అంత పచ్చటి చోట షుగర్, బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోతున్నాయి. విశాఖకి చెందిన డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో అచ్చువేసిన సర్వేలో, పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు కనిపించింది. అందులో ఎక్కువమందికి కారణం తెలియదు. శ్రీలంకలో వరి రైతులకి, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లో చెరకు కూలీలకి కూడా ఇలాంటి జబ్బే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. మనకి తెలిసిన టెస్ట్ క్రియాటినిన్. కిడ్నీ పని దాదాపు సగం పోయేదాకా అది నార్మల్‌గానే కనిపించొచ్చు. అంటే రిపోర్ట్‌లో తేడా వచ్చేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. అందుకే సైంటిస్టులు ఇంకా ముందే కనిపించే గుర్తుల కోసం యూరిన్‌లో వెతుకుతారు. అలాంటి గుర్తుల్లో ఒకటి ఎంసీపీ-1 అనే ప్రోటీన్.

దీని కథ అమెరికాలో మొదలైంది. 1989లో మేరీల్యాండ్‌లోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో తేయిజో యోషిమురా, ఎడ్వర్డ్ లియోనార్డ్ వాళ్ల బృందం, మెదడు ట్యూమర్ కణాలు పెరిగిన ద్రవం నుంచి దీన్ని వేరు చేసింది. 76 అమైనో ఆమ్లాలంత చిన్నది. పని ఏంటంటే, దెబ్బ తగిలిన చోటికి మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలని పిలవడం. ఊళ్లో దండోరా వేసినట్టు అన్నమాట. ఇలా కణాలని పిలిచే ప్రోటీన్లకి కీమోకైన్లు అనే పేరు 1992లో ఖాయమైంది.

మరి అంత చిన్నదాన్ని, అంత తక్కువ మోతాదులో ఎలా పట్టుకుంటారు? ఇక్కడికే యాంటీబాడీ వస్తుంది. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ఆకారాన్ని పట్టుకుంటుంది. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఎలుక బీ కణాన్ని, చావులేని క్యాన్సర్ కణంతో కలిపారు. ఒకే రకం యాంటీబాడీని కావాల్సినంత తయారుచేసే కణం వచ్చింది. దానికి పేటెంట్ తీసుకోలేదు. 1984లో నోబెల్ వచ్చింది.

అంతకు ముందే, 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ ఎలైసా పద్ధతి కనిపెట్టారు. ఇడ్లీ రేకులా 96 గుంటలున్న చిన్న ప్లేట్ ఊహించుకోండి. గుంట అడుగున ఒక యాంటీబాడీ అంటించి ఉంటుంది. యూరిన్ పోస్తే ఎంసీపీ-1 దానికి అతుక్కుంటుంది. మిగతాది కడిగేస్తారు. తర్వాత రెండో యాంటీబాడీ పోస్తే అది పైనుంచి పట్టుకుంటుంది. దాని తోకకున్న ఎంజైమ్ రంగు తెప్పిస్తుంది. రంగు ఎంత ముదిరితే ప్రోటీన్ అంత ఎక్కువ. పెద్దమ్మా, డబ్బాలోదాన్ని ఇలాంటి పనికే వాడతారు.

2017లో ఉద్దానం సమస్య మీద విశాఖ వచ్చి డాక్టర్లతో మాట్లాడిన హార్వర్డ్ నిపుణుడు జోసెఫ్ బోన్‌వెంట్రే ల్యాబ్ నుంచే, 1998లో కిమ్-1 అనే ఇంకో కిడ్నీ గుర్తు బయటికొచ్చింది. దాన్ని కొలవడం కూడా యాంటీబాడీతోనే.

అయితే ఒక్క విషయం. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు అర్ధరాత్రి సర్వర్ అలర్ట్ వచ్చేది. ఏదో కాలుతోందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. ఎంసీపీ-1 కూడా అంతే. షుగర్ వల్ల కిడ్నీ పాడైనా పెరుగుతుంది, లూపస్ వల్ల పాడైనా పెరుగుతుంది. మంట ఉందంటుంది, ఎవరు పెట్టారో చెప్పదు. అది నీళ్లా, ఎండలో పనా, పురుగుమందా, జన్యువులా అన్నది వేరే పరిశోధన తేల్చాలి. ఇలాంటి యాంటీబాడీ సీసాల మీద సాధారణంగా "రీసెర్చ్ యూజ్ ఓన్లీ" అని రాసి ఉంటుంది. ఆ నంబర్‌తో మనిషికి జబ్బు ఉందనో లేదనో తేల్చకూడదు. బహుశా పెద్దమ్మకి రిపోర్ట్ రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

కానీ "రిపోర్ట్ రాదు" అని ముందే చెప్పాలి కదా? ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, శాంపిల్ ఎందుకో మనకి అర్థమయ్యే భాషలో చెప్పి, మనం ఒప్పుకున్నాకే తీసుకోవాలి. ఒప్పుకోకపోయినా మన వైద్యం ఆగకూడదు.

2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి. మంచిదే. ఇంకా శాంపిల్స్ తీస్తారు, ఇవ్వాలి కూడా. అవి లేకుండా కారణం దొరకదు. ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇది దేనికి? ఫలితం నాకు చెప్తారా? ఎవరికి ఫోన్ చేయాలి? మీ ఇంట్లో పెద్దవాళ్లు అడగలేకపోతే, పక్కన మీరు నిలబడి అడగండి.

ఈ వీడియో పెద్దమ్మకి చూపించాను. మొత్తం విని ఒక్కటే అంది. "మరయితే మల్లీ వొత్తే ఇత్తానురా. ఈసారి అడిగే ఇత్తాను."

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.