గోదావరి మీద పడవ, గోదావరి మీద రైలు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు మీదుగా నాగపూరు బాట పట్టి కాశీకి వెళ్లాడు. ఆ బాట నిర్మల్, ఆదిలాబాద్‌ల గుండా పోతుంది. పదిహేను నెలలు గడిచాక, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఉత్తరాదిలో గంగ మీద ఆయన పడవెక్కి ప్రవాహంతోపాటు ఊరి నుంచి ఊరికి సాగాడు. గోదావరి దగ్గర అలాంటి ప్రయాణం లేదు. ఏరు దాటించడం వరకే ఇక్కడి పడవ పని. దాటాక మళ్లీ పల్లకీ, మళ్లీ అడవి బాట.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ప్రయాణ చరిత్రకు మూలం ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం. బాసర దగ్గర నిజామాబాద్, ఆదిలాబాద్‌ల మధ్య పారే గోదావరి, ఆ దిగువన కాళేశ్వరం దాకా ఈ రెండు పాత జిల్లాల మధ్య సరిహద్దుగా పారుతుంది. ఉత్తర గట్టున బాసర, మంచిర్యాల, చెన్నూరు. దక్షిణ గట్టున ధర్మపురి, మంథని, కాళేశ్వరం. ఇన్ని పేరున్న ఊళ్లు ఒకే నదిని ఆనుకుని ఉన్నా, ఒకదాని నుంచి మరొకదానికి నీళ్ల మీద వెళ్లిన యాత్రికులు అరుదు. వానాకాలంలో ఏరు ఒడ్లు ఒరుసుకుంటూ వస్తుంది, పడవలు రేవులో కట్టేస్తారు. వేసవిలో ఇసుక తేలుతుంది, జనం మోకాలి లోతు నీళ్లలో నడిచే దాటుతారు. ఆ రెంటికీ నడుమ నాలుగైదు నెలలే గంగపుత్రుల గెడలకు పని. నది పొడవునా సాగింది మనుషులు కాదు, టేకు దుంగలు. ప్రాణహిత అడవుల్లో కొట్టిన కలపను తెప్పలుగా కట్టి, వరద నీళ్ల మీద రాజమహేంద్రవరం దాకా వదిలేవాళ్లు.

మనుషులనూ సరుకులనూ కూడా అలాగే నడిపించాలని ఒకసారి గట్టి ప్రయత్నం జరిగింది. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేసిన ఆర్థర్ కాటన్‌కు అంతకన్నా పెద్ద ఆలోచన ఉండేది. సముద్రం నుంచి గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా బేరార్ పత్తి పొలాల దాకా ఆవిరి పడవలు నడపాలని ఆయన కోరిక. ఆయన కింద పనిచేసిన ఇంజనీరు హేగ్ 1850లలో నదిని సర్వే చేశాడు. దారిలో మూడు చోట్ల బండరాళ్లు నదికి అడ్డం పడి ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంద్రావతి కలిసే చోటికి సమీపంలో, ఇచ్చంపల్లి దగ్గర, అంటే పాత కరీంనగర్ జిల్లా తూర్పు కొసన. మూడోది ప్రాణహిత మీద, ఆదిలాబాద్ అడవులకు ఎదురుగా దేవల్‌మరి దగ్గర. ఈ మూడింటి పక్కనా కాలువలు తవ్వి, లాకులు కట్టి, పడవలను మెట్టుమెట్టుగా ఎక్కించాలన్నది పథకం.

రాజకీయం కూడా దానికి దారి ఇచ్చింది. 1860 డిసెంబరు ఒడంబడికలో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిషు వారికి వదులుకున్నాడు. నది మీద సాగే సరుకుకు సుంకం ఉండకూడదన్న షరతు కూడా అందులో ఉంది. మరుసటి ఏడాది అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు చూశాయి. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురుగట్టున ఉన్న సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణమైంది. నేటికీ తెలుగు మాట్లాడే ఆ ఊరు ఇప్పుడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉంది. మధ్య పరగణాల ముఖ్య కమిషనరు రిచర్డ్ టెంపుల్ ఈ పనిని గట్టిగా సమర్థించాడు. పైకి ఉప్పు రావాలి, కిందికి పత్తి పోవాలి, సిరొంచ పెద్ద రేవు కావాలి.

కానీ రైలు ముందొచ్చింది. 1867లో బొంబాయి నుంచి నాగపూరుకు పట్టాలు చేరాయి. ఏడాదిలో సగం నెలలు నీళ్లే చాలని నది కోసం, ఇంకా పూర్తికాని లాకుల కోసం ఏ పత్తి వర్తకుడు కాచుకుని కూర్చుంటాడు? జ్వరాలతో పనివాళ్లు నిలవని అడవిలో ఖర్చు పెరిగిపోయింది. 1871లో ప్రభుత్వం పనులు ఆపేసింది. కాటన్ మాత్రం తన మాట మీదే నిలబడ్డాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఈ దేశానికి రైళ్లకంటే జలమార్గాలే చవకని వాదించాడు. పంట కాలువల విషయంలో ఆయన దూరదృష్టి మనందరికీ తెలిసిందే. అయితే దక్కను పీఠభూమి నుంచి దిగే నది డెల్టా నదిలా లొంగదు. ఇచ్చంపల్లి బండల దగ్గర ఆయన లెక్క తప్పిందనే నేను అనుకుంటాను.

ఆ తరువాత ఈ ప్రాంతం రైలు కోసం ఆరు దశాబ్దాలు ఎదురుచూసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. దాన్ని ముందుకు పొడిగించే ఆలోచనలో చాందా, అంటే నేటి చంద్రపూర్, ఒక గమ్యం. ఆ లైను పడితే అది కరీంనగర్, ఆదిలాబాద్ అడవుల గుండానే పోవాలి. పెట్టుబడి లండన్ కంపెనీది. దానిపై ఇరవై ఏళ్లపాటు 5 శాతం వడ్డీకి పూచీ మాత్రం నిజాం ఖజానాది. ఈ షరతులేమిటో ప్రజలకు చెప్పాలని 1883లో హైదరాబాదులో ఒక ఆందోళన లేచింది. చాందా రైల్వే ఆందోళనగా చరిత్రకెక్కిన ఈ ఘట్టంలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ముందున్నారు. అఘోరనాథను ఉద్యోగం నుంచి తప్పించి, ఆ మే నెలలో రాజ్యం నుంచే పంపేశారు. హైదరాబాదు ఆధునిక రాజకీయ చైతన్యానికి మొదటి అడుగుగా చరిత్రకారులు దీన్ని చెబుతారు. అది ఒక రైలు మార్గం గురించి, అందులోనూ మన ఉత్తర జిల్లాల మీదుగా పోవలసిన మార్గం గురించి జరిగిందన్న సంగతి మాత్రం తక్కువగా తలుచుకుంటాం. ప్రజల సొమ్ముతో వేసే దారి గురించి ప్రజలు లెక్క అడగడం ఇక్కడ అప్పుడే మొదలైంది.

కంపెనీ చివరకు పట్టాలను వరంగల్ మీదుగా బెజవాడకు తీసుకుపోయింది. 1889కి అది పూర్తయింది. 1900 ప్రాంతంలో మన్మాడు వైపు వేసిన మీటర్ గేజ్ లైను బాసర దగ్గర గోదావరిని దాటి, సరస్వతీ క్షేత్రానికి రైలు యాత్రికులను తెచ్చింది. కాజీపేట నుంచి ఉత్తరానికి పోయే లైను 1920లలో కొంచెం కొంచెంగా సాగి, 1929లో బల్లార్షా చేరింది. అప్పటిదాకా మద్రాసు నుంచి ఢిల్లీకి పోయే రైలు ప్రయాణికులు పడమరకు చుట్టు తిరిగి వెళ్లేవాళ్లు. ఆ ఏడాదే పెషావరు, మంగుళూరుల మధ్య గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నాలుగు రోజులకు పైబడిన ప్రయాణానికి బయలుదేరింది. అడవిలో మూలన పడి ఉన్న మంచిర్యాల, సిర్పూరు ఒక్కసారిగా దేశపు నడిబాట మీదికొచ్చాయి.

ఈ లైను అందం పగలే తెలుస్తుంది. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుంటే కాజీపేట దాటాక జమ్మికుంట, ఓదెల, పెద్దపల్లి. పత్తి చేలు, వరి మళ్లు, అక్కడక్కడా నల్లటి గుండ్ల గుట్టలు. రామగుండం వచ్చేసరికి ఆకాశంలో చిమ్నీలు లేస్తాయి. ఎన్టీపీసీ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఆ వెంటనే వంతెన. చక్రాల చప్పుడు మారగానే, పేకాట ఆపి మరీ జనం కిటికీల వైపు జరుగుతారు. ముసలమ్మలు కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, ఊచల సందులోంచి నీళ్లలోకి విసురుతారు. కొన్ని బిళ్లలు వంతెన ఇనుముకు తగిలి టంగుమంటాయి. వంతెన దాటితే మంచిర్యాల, అంటే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడి నుంచి మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనులు. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్ దగ్గరికొచ్చేసరికి టేకు చెట్లు పట్టాల దాకా వస్తాయి. పేరులో రోడ్డు ఉందంటే ఊరు స్టేషన్‌కు దూరమని అర్థం. కాగజ్‌నగర్‌కు ఆ పేరే 1930ల చివర పెట్టిన కాగితం మిల్లు వల్ల వచ్చింది. అంతకుముందు అది కొత్తపేట.

బొగ్గు, వెదురు, కలప తీసుకుపోవడానికే ఈ పట్టాలు ఎక్కువగా ఉపయోగపడ్డాయి. అడవిని అందరికీ దగ్గర చేసిన దారే, ఆ అడవిలో తరతరాలుగా ఉన్న గోండుల భూముల్లోకి షావుకార్లనూ పై నుంచి వచ్చిన సాగుదార్లనూ తెచ్చింది. లైను పూర్తయిన పదకొండేళ్లకు, 1940లో, జోడేఘాట్‌లో గోండుల నాయకుడు కుమ్రం భీము నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ తరువాతే నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రజ్ఞుడిని గోండుల స్థితిగతులు చూడమంది. ఆయన మార్లవాయిలో వాళ్ల మధ్యే ఉండి పనిచేశాడు. కిటికీలోంచి కనపడే ఆ పచ్చటి కొండల వెనక ఈ చరిత్ర ఉందని గుర్తుంచుకోకుండా ఆ దృశ్యాన్ని మెచ్చుకోవడం నాకు న్యాయం అనిపించదు.

ఇంత జరిగినా జిల్లా ముఖ్య పట్టణాలు రెండూ ఆ పెద్ద లైనుకు దూరంగానే మిగిలాయి. ఆదిలాబాద్ పట్టణానికి రైలు మహారాష్ట్ర వైపు నుంచి, ముద్‌ఖేడ్, కిన్వట్ మీదుగా వచ్చింది. ఇప్పటికీ అక్కడి మనిషి రైల్లో హైదరాబాదు రావాలంటే పక్క రాష్ట్రంలోకి వెళ్లి తిరిగి రావాలి. నిర్మల్, ఆర్మూరు మీదుగా నేరుగా లైను కావాలని వాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. కరీంనగర్‌కు పెద్దపల్లి నుంచి లైను పడటానికే స్వాతంత్ర్యం వచ్చి అర్ధ శతాబ్దం దాటింది. ఈ జిల్లాలోనే పెరిగిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో పెద్దపల్లి–నిజామాబాద్ మార్గానికి పునాది వేశారు. జగిత్యాల మీదుగా అది నిజామాబాదుకు చేరింది 2017లో. గోదావరిని దాటిపోకుండా, ఆ నదితో సమాంతరంగా ఈ నేలను చూపే రైలు ఇదొక్కటే. అయితే అది గట్టుకు చాలా దూరంగా పోతుంది. ధర్మపురి చూడాలంటే జగిత్యాలలో దిగి బస్సెక్కాల్సిందే.

ఇక పడవ. కాళేశ్వరం, సిరొంచల మధ్య నాటు పడవల మీద గత దశాబ్దం దాకా జనం దాటుతూనే ఉన్నారు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వర ముక్తీశ్వర స్వామి దర్శనానికి అవతలి నుంచి వచ్చేవాళ్లు, ఇటు నుంచి సంబంధాలు కలుపుకోవడానికి పోయేవాళ్లు, సంతకు మేకలను తోలేవాళ్లు అందరూ అదే పడవలో. వంతెన వచ్చాక రేవు పలచబడింది. మంచి మార్పే అది, వరద రోజుల్లో గర్భిణులు గట్టున పడిగాపులు కాయనక్కర్లేదు. కొద్ది దూరం దిగువన మేడిగడ్డ బరాజ్‌ను 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కొన్ని కుంగాయి. హేగ్ లాకులు పడవలను ఎక్కించడానికి, ఈ బరాజ్ నీళ్లు ఎత్తిపోయడానికి. నూటయాభై ఏళ్ల తేడాతో ఇంజనీర్లు దాదాపు ఇదే నది మలుపులకు వచ్చారు. ఇచ్చంపల్లి పేరు 1980 నాటి గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ తీర్పులోనూ ఉంది. గోదావరి నీళ్లను కావేరికి తరలించే ప్రణాళికల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. ఆ ప్రణాళికల్లో లెక్కలన్నీ టీఎంసీల్లో ఉంటాయి. ప్రయాణికుల పడవకు అందులో చోటు లేదు.