నూగు

బూడిదగుమ్మడి పిందెను పట్టుకుంటే వేళ్లకు తగిలేది నూగు. కుర్రాడి పైపెదవి మీదికొస్తే అది నూగుమీసం. వయసొచ్చిందని ఇంటిల్లిపాదీ మురుస్తారు. ఆడపిల్లకు కనిపిస్తే మాత్రం బ్యూటీపార్లర్‌లో దారం సిద్ధం. మాటకు లేని వివక్ష మనది. ప్రబంధ కవులైతే నాయిక బొడ్డు మీది సన్నని రోమాల వరుసను ‘నూగారు’ అని పనిగట్టుకుని వర్ణించారు. ఆరు అన్నా ఆ రోమాల బారే. అక్కడ అందమైనది రెండు జానల పైన లోపమెలా అయిందో!

గీస్తే నూగు బిరుసెక్కుతుందని ఒక భయం. రేజరు వేరును తాకనే తాకదు. కొస మొద్దుగా తెగుతుంది కనుక మళ్లీ మొలిచేటప్పుడు గరుకుగా తగులుతుంది, అంతే. సున్నితమైన చర్మమైతే గోరువెచ్చని నీళ్లతో తడిపి, జెల్ రాసి, వెంట్రుక వాలిన వైపుకే మెల్లగా గీసుకోవాలి. పొడి చర్మం మీద గీస్తే మంట, ఎర్ర పొక్కులు.

ఆడవాళ్లకు గడ్డం కింద నల్లగా, మందంగా మొలిచేవాటిని నూగు అనం. వాటికి తోడు నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో డాక్టరు చూడాలి.