లక్షా ఎనభై వేల చీటీలు

పిహెచ్.డి. రోజుల్లో పాత స్త్రీల పత్రికల్లో కనిపించిన ప్రతి రచయిత్రి పేరూ ఒక చీటీ మీద రాసుకుని చెప్పుల డబ్బాల్లో దాచుకునేదాన్ని. వైవాలో ఒక పెద్దాయన నా పట్టికలు తిరగేసి, "ఇదంతా గుమాస్తా పనమ్మా, పరిశోధన ఎక్కడుంది?" అన్నారు. డిగ్రీ వచ్చింది గానీ ఆ మాట మాత్రం పోలేదు. ఆలిస్ కోబర్ గురించి చదువుతుంటే మళ్ళీ గుర్తొచ్చింది.

కోబర్ 1906లో న్యూయార్క్‌లో, హంగరీ నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టింది. గ్రీకు కవులు రంగుల్ని ఏ పదాలతో చెప్పారన్న అంశం మీద 1932లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకుంది. పగలు బ్రూక్లిన్ కాలేజీలో లాటిన్, గ్రీకు పాఠాలు. అంధ విద్యార్థుల కోసం బ్రెయిలీ నేర్చుకుని పుస్తకాలు తనే ఎక్కించేది. తల్లితో కలిసి ఉన్న ఆ ఇంట్లో రాత్రుళ్ళు మాత్రం పూర్తిగా వేరే పని.

1900లో క్రీట్ దీవిలోని నోసోస్‌లో ఆర్థర్ ఎవాన్స్ తవ్వకాల్లో బయటపడిన మట్టి పలకల మీద ఒక లిపి ఉంది. దాన్ని లీనియర్ బి అన్నారు. లిపీ తెలియదు, భాషా తెలియదు. పండితులు ఎవరికి తోచిన భాష వాళ్ళు అంటగట్టారు. కోబర్ ఊహించనంది. లెక్కపెడతానంది. ఏ గుర్తు ఏ గుర్తు పక్కన వస్తోంది, మాట మొదట్లో ఎన్నిసార్లు, చివర ఎన్నిసార్లు! యుద్ధకాలంలో కాగితం దొరక్కపోతే గ్రీటింగ్ కార్డుల వెనక, చర్చి కరపత్రాల వెనక కత్తిరించి రాసింది. అలా సుమారు 1,80,000 చీటీలు. వాటిని సిగరెట్ కార్టన్లలో సర్దుకుంది.

ఆ చీటీల్లోంచి ఏం తేలిందో తెలుగువాళ్ళకి చెప్పడం సులువు. రాముడు, రాముడి, రాముడా అంటే డు, డి, డా మూడింట్లోనూ 'డ' మన కంటికి కనిపిస్తుంది. అసలు గుణింతమే లేదనుకోండి. డుకి ఒక బొమ్మ, డికి దానితో పోలికే లేని ఇంకో బొమ్మ. రెండింట్లోనూ ఒకే హల్లు ఉందని ఎలా తెలుస్తుంది? మొదలు మారకుండా చివర మాత్రమే మారుతున్న మాటల్ని వెతికి పక్కపక్కన పెట్టాలి. కోబర్ చేసింది అదే. ఆ భాషలో మాటల చివర్లు విభక్తుల్లా మారుతున్నాయని 1945 నుంచి వరసగా వ్యాసాలు రాసి చూపింది. 1948లో పది గుర్తుల్ని తీసుకుని, వీటికి హల్లు ఒకటి, వీటికి అచ్చు ఒకటి అని చిన్న గడుల పట్టిక వేసింది. ఒక్క గుర్తుకీ శబ్దం చెప్పకుండానే!

నన్ను కదిలించింది మాత్రం ఆమె 1949 వ్యాసం. పద్దుల చివర 'మొత్తం' అనే మాట రెండు రూపాల్లో వస్తోంది. మగవాళ్ళ లెక్కకి ఒకటి, ఆడవాళ్ళ లెక్కకి మరొకటి. భాష పేరైనా తెలియకముందే అందులో స్త్రీలింగం ఎక్కడుందో ఆమె పట్టుకుంది.

మరుసటి ఏడాది మే 16న చనిపోయింది. నలభై మూడేళ్ళు. చివరి ఏళ్ళలో చాలా సమయం, ఎవాన్స్ వదిలి వెళ్ళిన పలకల నకళ్ళు అచ్చువేయడానికి ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ మైర్స్ అనే పండితుడికి సాయం చేయడానికే పోయింది. సొంత పని పక్కనపెట్టి పెద్దాయన పుస్తకం దిద్దడం మనకేం కొత్త?

1952 జూలై 1న మైకేల్ వెంట్రిస్ అనే యువ ఆర్కిటెక్ట్ బి.బి.సి. రేడియోలో ఆ భాష గ్రీకేనని ప్రకటించాడు. కోబర్ ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పిన భాషే! ఆమె పట్టికని పెంచుకుంటూ పోయి, ఆమె గుర్తించిన మాటల్లో కొన్ని క్రీట్ ఊళ్ళ పేర్లయి ఉంటాయని ఊహించడంతో తాళం తెరుచుకుంది. ఆమె బతికుంటే తనే సాధించేదని నేననను. ఆ ఊహ చేయడానికి ఆమె ఒప్పుకునేది కాదేమో. కానీ ఊహని మేధస్సు అనీ, ఆ ఊహ నిలబడే నేలని గుమాస్తా పని అనీ అనడం దగ్గరే నాకు పేచీ. జాన్ చాడ్విక్ 1958లో తన పుస్తకంలో ఆమె కృషిని గౌరవంగానే చెప్పాడు. అయినా ఆమెని కథ మధ్యలో నిలబెట్టిన పుస్తకం కోసం 2013 దాకా, మార్గలిట్ ఫాక్స్ రాసేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతకీ పలకల్లో ఏముంది? కావ్యాలు లేవు. గొర్రెలు, నూనె, ఉన్ని. పైలోస్ అనే మరో రాజభవనపు పలకల్లో వందలాది ఆడవాళ్ళు ఉన్నారు. నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, పిండి విసిరేవాళ్ళు. వాళ్ళతో ఇంతమంది ఆడపిల్లలు, ఇంతమంది మగపిల్లలు, తిండికి ఇన్ని గోధుమలు, ఇన్ని అత్తిపళ్ళు. పేర్లు లేవు. మిలెటస్ ఆడవాళ్ళు, క్నిడస్ ఆడవాళ్ళు, అంతే. భవనం తగలబడి మట్టి కాలి గట్టిపడింది కాబట్టి ఆ లెక్కయినా మిగిలింది.

కోబర్ చీటీలు ఇప్పుడు ఆస్టిన్‌లో, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. నా చెప్పుల డబ్బాలు అటక మీద ఉన్నాయి. వాటిలో 'ఒక సోదరి' అని మాత్రమే సంతకం చేసినవాళ్ళ చీటీలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో ముందు దాన్ని దింపాలి.